కొత్త గిటార్‌కి పాత వయసు

పోయిన అక్టోబరులో ఒక శనివారం డాలస్ దగ్గర ఒక గిటార్ షాపులో దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. ఎదురుగా మూడు గిటార్లు. మూడూ గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌కి 1959 రీఇష్యూలే. అంటే 1959లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఫ్యాక్టరీలో తయారైన గిటార్‌ని అవే కొలతలతో ఇప్పుడు నాష్‌విల్‌లో మళ్లీ చేసినవి. మహాగని బాడీ, దాని మీద మేపుల్ పలక, తీగల కదలికని పట్టి ఆంప్లిఫయర్‌కి పంపే రెండు హంబకర్ పికప్‌లు, మూడింటికీ ఒకటే. తేడా అంతా పైపూతలోనూ, లోహపు సామానులోనూ ఉంది.

మొదటిది మామూలు ఫినిష్. కంపెనీవాళ్లు దాన్ని వీఓఎస్ అంటారు, మరీ అద్దంలా మెరవకుండా కాస్త మెరుపు తగ్గించి ఇస్తారు. రెండోదానికి ఫ్యాక్టరీలోనే తేలికగా వయసు తెప్పించారు: పూత మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు, మసకబారిన నికెల్, అంచుల్లో ఒకటి రెండు నొక్కులు. మూడోది చూస్తే ముప్పై నలభై ఏళ్లు రాత్రిళ్లు బార్లలో వాయించినట్టుంది. కుడి ముంజేయి ఆనే చోట రంగు పోయి చెక్క బయటపడింది. వెనకవైపు బెల్టు బకిల్ గీరిన మచ్చ. నెక్, అంటే గిటార్ మెడ, దాని వెనక బొటనవేలు తిరిగే దారంతా పూత లేదు. ధర కూడా ఆ వరసలోనే పెరుగుతుంది. ఎంత పాతగా కనిపిస్తే అంత ఎక్కువ.

నాతో వచ్చిన ఫ్రెండ్ మా వారాంతపు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాడు. గుంటూరువాడు, మనసులో మాట దాచుకోడు. “ఒరేయ్, షోరూమ్‌కి వెళ్లి సొట్టలు పడిన కారు కావాలని అడుగుతామా? పైగా దానికి ఎక్కువ డబ్బులిస్తామా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అప్పుడు నాకు సరైన జవాబు తట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఇదంతా వాడికి నేను ఇవ్వాల్సిన జవాబే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. కాకినాడలో మా ఇంట్లో ప్రతి వస్తువుకీ తొడుగు ఉండేది. రేడియోకి తోలు కవరు, టీవీ మీద అమ్మ కుట్టిన గుడ్డ, ఫ్రిజ్ హ్యాండిల్‌కి క్రోషే అల్లిక, రిమోట్‌కి పాలిథిన్, సూట్‌కేసుకి ఖాకీ కవరు. జూన్ రాగానే పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేవాళ్లం. సోఫా మీద ఎప్పుడూ దుప్పటి ఉండేది, ముఖ్యమైన చుట్టాలొస్తేనే తీసేవాళ్లం. దీన్ని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. నాన్న జీతంలో ఒక కలర్ టీవీ కొనాలంటే ఏడాదిన్నర కూడబెట్టాలి. దాని మీద గీత పడకుండా చూసుకోవడమంటే ఆ ఏడాదిన్నర కష్టాన్ని జాగ్రత్త చేసుకోవడమే. కాలేజీలో ఉండగా కోల్‌కతాలో తయారైన ఒక అకూస్టిక్ గిటార్ కొనిచ్చాడు నాన్న. వాయించడం అయ్యాక దాన్నీ పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టేవాణ్ని. సముద్రపు గాలికి తీగలు ఎలాగూ తుప్పు పట్టేవి, చెక్క మీద మాత్రం ఒక్క గీత లేదు.

ఆ అలవాటు నాతోపాటు అమెరికా వచ్చింది. 2018లో మొదటిసారి ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. అది కూడా రీఇష్యూనే, నిగనిగలాడే కొత్త ఫినిష్. మొహం చూసుకోవచ్చు అందులో. ఆదివారం కేసు తెరిచేవాణ్ని. వాచీ తీసి, బెల్టు తీసి, చేతులు కడుక్కుని ఒళ్లో పెట్టుకునేవాణ్ని. అరగంట వాయించి, మెత్తటి గుడ్డతో తుడిచి, కేసులో పెట్టి మూత వేసేవాణ్ని. ప్రాక్టీసుకి పాత చవక గిటారే తీసుకెళ్లేవాణ్ని. రెండేళ్లలో అది ఒక్కసారి కూడా స్టేజి ఎక్కలేదు. ఒకరోజు గరాజ్‌లో స్ట్రాప్ జారి కింది అంచు బల్లకి తగిలింది. బియ్యపు గింజంత సొట్ట. ఆ రాత్రి నిజంగానే నిద్రపట్టలేదు. మా ఆవిడ “వాయించడానికి కొన్నారా, దాచుకోవడానికా?” అని అడిగింది. మరుసటి ఏడాది నష్టానికి అమ్మేశాను.

అందుకే షాపులో మూడు గిటార్ల ముందు కూర్చున్నప్పుడు నాకు అందం, ధర, గొప్ప కన్నా ముందు గుర్తొచ్చింది భయం. ఏ గిటార్ అయితే నేను భయపడకుండా రోజూ చేతిలోకి తీసుకుంటాను? ఈ ప్రశ్న గిటార్ పత్రికల్లో పెద్దగా కనపడదు. తొడుగుల ఇళ్లలో పెరిగినవాళ్లకి మాత్రం ఇదే మొదటి ప్రశ్న అని నా నమ్మకం.

ఇక ఆ పూత గురించి. 1950లలో గిటార్లకి వాడింది నైట్రోసెల్యులోజ్. పత్తిలోనో చెక్క గుజ్జులోనో ఉండే సెల్యులోజ్‌ని ఆమ్లాలతో మార్చి, ద్రావకంలో కరిగించి చేసేది. 1920లలో డ్యూపాంట్ కంపెనీ దీన్ని డ్యూకో పేరుతో కార్ల రంగుగా తెచ్చింది. త్వరగా ఆరుతుంది కాబట్టి కార్ల ఫ్యాక్టరీలు ఎగబడ్డాయి, గిటార్ ఫ్యాక్టరీలూ అదే పట్టుకున్నాయి. ఈ నైట్రో ఎండేది ద్రావకం ఆవిరై పోవడం వల్లే. ఇప్పటి పాలీయురెథేన్, పాలిస్టర్ పూతల్లా రసాయన చర్యతో బిగుసుకుపోదు. అందుకే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతూనే ఉంటుంది, పెళుసవుతూ ఉంటుంది. వెలుతురుకి పసుపు తిరుగుతుంది. మిషిగన్ చలికాలంలో కారు డిక్కీలోంచి తీసిన గిటార్‌ని వెచ్చటి గదిలో కేసు తెరిస్తే, చెక్క ఒక తీరున, పూత ఒక తీరున సాగి సన్నటి పగుళ్లు పడతాయి. గిటార్ వాళ్లు వీటిని చెకింగ్ అంటారు. పాత పింగాణీ కప్పు మీద గీతలుంటాయే, దాదాపు అలాంటివే.

లెస్ పాల్ రంగు కథ ఇంకా బాగుంటుంది. 1958 నుంచి 1960 దాకా చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్స్‌కి మధ్యలో పసుపు, అంచుల్లో చెర్రీ ఎరుపు. ఆ తొలి ఎరుపు వెలుతురుకి ఆగేది కాదు. షాపు అద్దాల వెనక కొన్ని నెలలు వేలాడితే చాలు, వెలిసిపోయేది. కొన్ని తేనె రంగుకి వచ్చాయి, కొన్ని టీ రంగుకి, కొన్నిటిలో ఎరుపు మచ్చుకైనా మిగలక మొత్తం నిమ్మపండు రంగులోకి తిరిగాయి. పికప్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం తీసి చూస్తే, కింద అసలు ఎరుపు అలాగే ఉంటుంది. 1960లో కంపెనీ వెలవని ఎరుపుకి మారింది. ఇవాళ ఆ గిటార్ల మీద కోట్లు పోసేవాళ్లలో వెలిసిన వాటిని ఇష్టపడేవాళ్లు చాలామంది. పైగా వాటిని చేసిన రోజుల్లో అవి సరిగా అమ్ముడుపోలేదు కూడా. 1961కల్లా కంపెనీ ఆ ఆకారాన్నే పక్కనపెట్టి, ఇప్పుడు మనం ఎస్‌జీ అనే పల్చటి కొమ్ముల గిటార్‌కి మారింది. 1968లో కానీ లెస్ పాల్‌ని తిరిగి తేలేదు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. పసుపు తిరగడం, ఎరుపు వెలవడం, పగుళ్లు, నికెల్ మసకబారడం, వీటికి వాయించే మనిషి అక్కర్లేదు. మంచం కింద అరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోకుండా ఉన్న గిటార్‌కి కూడా పగుళ్లు పడతాయి, నికెల్ మసకబారుతుంది. ఇది కాలం చేసే పని. ముంజేతి దగ్గర పోయిన రంగు, బకిల్ మచ్చ, నెక్ వెనక అరిగిన దారి, ఇవి మనిషి చేసిన పని. ఈ రెండింటినీ కలిపి ‘ఏజింగ్’ అనే ఒక్క మాటతో అమ్ముతున్నారు. ఈ చర్చలో గందరగోళమంతా అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది.

ఫ్యాక్టరీలో వయసు తెప్పించే ఈ వ్యాపారం మరీ కొత్తదేం కాదు. ఇంకో గిటార్ కంపెనీ ఫెండర్, దాని కస్టమ్ షాపు 1995లో నామ్ అనే వాయిద్యాల వాణిజ్య ప్రదర్శనలో ‘రెలిక్’ గిటార్లని మొదటిసారి చూపించింది. ఆ తొలి ఏళ్లలో బాడీలు, నెక్‌లు కాలిఫోర్నియా నుంచి మిస్సోరీకి వెళ్లేవి. అక్కడ విన్స్ క్యునెట్టో అనే పనివాడు వాటికి రంగు వేసి, అరగదీసి, పగుళ్లు తెప్పించి తిరిగి పంపేవాడు. 1999 దాకా అలా సాగింది. గిబ్సన్ వైపు టామ్ మర్ఫీ. 1990ల మొదట్లో రీఇష్యూలని అసలు కొలతలకి దగ్గరగా తేవడానికి పట్టుబట్టినవాళ్లలో అతనొకడు. తర్వాత బయటికి వెళ్లి సొంతంగా పాత గిటార్లు బాగుచేస్తూ, గిబ్సన్ కోసం కొత్తవాటికి వయసు తెప్పించేవాడు. పగుళ్ల గీతలు రేజర్ బ్లేడుతో ఒక్కొక్కటీ కోసేవాడు. ఇప్పుడు అతని పేరు మీదే మర్ఫీ ల్యాబ్ అని నాష్‌విల్‌లో ఒక విభాగం ఉంది, 2021 నుంచి దాని గిటార్లు దొరుకుతున్నాయి. అక్కడి పూత బ్లేడు అవసరం లేకుండా దానంతటదే పగిలేలా చేసింది. అల్ట్రా లైట్, లైట్, హెవీ, అల్ట్రా హెవీ అని నాలుగు మెట్లు.

మా ఫ్రెండ్ చెప్పిన కారు పోలిక నాకు అతకదని ఇప్పుడు తెలుస్తోంది. దీనికి దగ్గరి పోలిక మన ఇళ్లలోనే ఉంది. మా చెల్లెలి పెళ్లికి హైదరాబాద్‌లో యాంటిక్ ఫినిష్ హారం తీసుకున్నాం. లక్ష్మీదేవి బొమ్మలు చెక్కిన నక్షీ పని, సందుల్లో నల్లగా, పైన మెరుపు చంపేసి, గుడి నగలా కనిపించేలా చేసింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని “కొత్త బంగారానికి ఈ పాత రంగెందుకే?” అంది. చెల్లెలు మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకుంది. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, బాగుంది కాబట్టి. సందుల్లో ఆ నలుపు లేకపోతే చెక్కడపు పని కంటికి ఆనదు. అందులో మోసం ఎవరికీ కనపడలేదు. అది కొత్త నగ అని చేసినవాడికి తెలుసు, కొన్నవాళ్లకి తెలుసు, పెళ్లికొచ్చిన వాళ్లకీ తెలుసు.

అదే పెళ్లిలో అమ్మ వేసుకున్నది మా అమ్మమ్మ కాసులపేరు. దాంట్లో కాసుల మీద బొమ్మలు సగం అరిగిపోయాయి. ఎడమవైపు నాలుగో కాసు వంకరగా ఉంటుంది. మా పెద్ద మావయ్య పసివాడుగా ఉన్నప్పుడు నోట్లో పెట్టుకుని కొరికాడట. ఇప్పుడు ఏ నగల దుకాణమైనా వచ్చి, మీ అమ్మమ్మ కాసులపేరుని ఆ వంకర కాసుతో సహా నకలు చేసి అమ్ముతాం అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కొనేవాళ్లు మాత్రం దాన్నేం చేసుకుంటారు? ఆ వంకరలో ఉన్నది మా మావయ్య.

గిటార్ల లోకంలో ఆ వంకర కాసుని నకలు చేసి అమ్మారు. ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్లు ఆరు పాతవి కొని, మూడు స్నేహితులకి ఇచ్చి, మిగతా మూడింట్లో మంచి భాగాలు ఏరి ఒక నల్ల గిటార్ కూర్చుకున్నాడు. దాని పేరు బ్లాకీ. 2004లో క్రిస్టీస్ వేలంలో అది 9,59,500 డాలర్లకి పోయింది. ఆ డబ్బు యాంటిగ్వాలో అతను పెట్టిన వ్యసన విముక్తి కేంద్రానికి. 2006లో ఫెండర్ దానికి 275 నకళ్లు చేసింది, తల మీద అతను సిగరెట్ గుచ్చి వాయించడం వల్ల పడిన కాలిన మచ్చతో సహా. పనితనం గొప్పదే. కానీ ఆ మచ్చ ఒక మనిషి తన బతుకులో ఒక రాత్రి పాట మధ్యలో సిగరెట్ పెట్టుకున్న చోటు. 275 మంది ఇళ్లలో అది ఏం చేస్తుంది?

ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ గిటార్ చూడండి. 1961 స్ట్రాటోకాస్టర్. పదిహేనేళ్ల వయసులో, 1963లో, కార్క్ నగరంలో వంద పౌండ్లకి వాయిదాల మీద కొన్నాడు. ఒకసారి ఎవరో దొంగిలించి వాన నీళ్లలో వదిలేశారు, మళ్లీ దొరికింది. తర్వాత ముప్పై ఏళ్లు అదే గిటార్. రాత్రి తర్వాత రాత్రి, చెమటలో తడుస్తూ. చివరికి దాని మీద రంగు దాదాపుగా మిగల్లేదు. అతను 1995 జూన్‌లో చనిపోయాడు, రెలిక్ గిటార్లు మార్కెట్లోకి వచ్చిన ఏడాదే. 2024లో లండన్ వేలంలో అమ్ముడై ఇప్పుడది ఐర్లండ్ జాతీయ మ్యూజియానిది. దాని ఫొటో చూసిన ప్రతిసారీ నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది. అక్కడ పోయిన ప్రతి అంగుళం రంగూ అతను వాయించిన గంటలు. దానికి నకళ్లు వచ్చాయి, నేను ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను కూడా. చక్కటి గిటార్. నా ముంజేయి అతని ముంజేతి మచ్చ మీద ఆనింది. తప్పు చేసినవాడిలా వెంటనే తీసేసి గోడకి తగిలించాను.

నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. కాలం చేసే మార్పుల్ని ఫ్యాక్టరీ నాకు ముందే చేసిస్తే సంతోషంగా తీసుకుంటాను. పగుళ్లు, మసకబారిన నికెల్, వెలిసిన ఎరుపు, ఇవన్నీ సరే. మనిషి చేసే మార్పులు మాత్రం నాకు అక్కర్లేదు. ముంజేతి మచ్చ, బకిల్ మచ్చ, బొటనవేలి దారి, ఇవి నాకోసం ఖాళీగా వదిలేయాలి. ఫ్యాక్టరీ వేసే ఆ మచ్చలు పేరున్న కళాకారుడి నకళ్లైనా, పేరులేని ఊహా మనిషి నకళ్లైనా సరే, నాకు వద్దు.

“ఆగు, మామూలుది కొని నువ్వే పాతబడేలా వాయించు” అని చాలామంది అంటారు. వినడానికి నిజాయితీగా ఉంటుంది. కానీ లెక్క చూద్దాం. నాకు నలభై ఆరేళ్లు. ఉద్యోగం, పిల్లలు, వారానికి నాలుగైదు గంటలు వాయిస్తే గొప్ప. గాలహర్ లాంటి వాళ్లు రెండు మూడు రోజుల్లో వాయించేంత. చెకింగ్ నేను వాయిస్తే వచ్చేది కాదు, దానికి ఏళ్లు, చలి, ఎండ కావాలి. నేను గిటార్‌ని గదిలో ఒకే తేమలో, ఒకే వేడిలో ఉంచుతాను, అంటే అది రాకుండానే చూసుకుంటాను. వీఓఎస్ గిటార్ కొన్నా, నాకు డెబ్బై ఏళ్లొచ్చేసరికి అది షాపులో చూసిన రెండోదాని అంత పాతగా కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. ఇక పాలీ పూత ఉన్న గిటార్ అయితే ఈ మాటే వర్తించదు. అది గట్టి చిప్ప. దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది కానీ నైట్రోలా వయసు రాదు. “నువ్వే పాత చెయ్యి” అనేవాళ్లు ముందు ఆ గిటార్ మీద ఏ పూత ఉందో అడగాలి.

అసలు రీఇష్యూ అంటేనే నకలు కదా, దాంట్లో మళ్లీ నిజం అబద్ధం ఏమిటి అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నేను సగం ఒప్పుకుంటాను. 1959 గిటార్‌కి ఫ్రెట్‌బోర్డ్, అంటే నెక్ మీద వేళ్లు తిరిగే పలక, బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద, అంతరించిపోయే జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కింద నిషేధం ఉంది. అందుకే ఇప్పటి రీఇష్యూలకి మామూలుగా వేసేది ఇండియన్ రోజ్‌వుడ్, మన పల్లెల్లో జిట్రేగి అనే చెట్టు. నాష్‌విల్‌లో చేసిన గిటార్ మీద నా ఎడమచేతి వేళ్లు తిరిగేది దక్షిణ భారతపు చెక్క మీద. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు చాలాసేపు ఆ చెక్కని వేలితో రాస్తూ కూర్చున్నాను. కొలతకి కొలత సరిపోయినా ఇది 1959 గిటార్ అవదు, అవ్వాల్సిన పనీ లేదు. ఇప్పటి మనుషులు, ఇప్పటి చెక్కతో చేసిన కొత్త వాయిద్యం. ఫ్యాక్టరీ వేసిన పగుళ్లని అందులో పనితనంగానే చూస్తాను. వీటిని అసలువని నమ్మించి అమ్మే మోసగాళ్లుంటారు, నిజమే. కానీ కంట్రోల్స్ ఉండే గుంట మూత తీస్తే లోపల ఆర్9 అని, అంటే 1959 రీఇష్యూ అని, ముద్ర ఉంటుంది, సీరియల్ నంబర్ పద్ధతి వేరు. లక్షల డాలర్లు పెట్టి పాత గిటార్ కొనేవాళ్లు అది చూడకుండా కొనకూడదు.

శబ్దం గురించి ఒక్క మాటే. పల్చటి పాత పూత వల్ల చెక్క ‘ఊపిరి పీలుస్తుంది’ అని అమ్మేవాళ్లు చెబుతారు. మూడూ ఒకే ఆంప్లిఫయర్‌కి పెట్టి, ఒకే పాట వాయించాను. కళ్లు మూసుకుని మా ఫ్రెండ్ చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేకపోయాను. ఒకే మోడల్‌లో రెండు మామూలు గిటార్ల మధ్య ఉండేపాటి తేడానే విన్నాను. శబ్దం కోసం ఏజింగ్‌కి డబ్బులు పెట్టకండి.

చేతికి మాత్రం తేడా తెలుస్తుంది, చాలా తెలుస్తుంది. కొత్త నైట్రో పూసిన నెక్ చెమట పట్టిన చేతికి అంటుకుంటుంది. ఒక ఫ్రెట్ నుంచి, అంటే నెక్ మీది ఒక లోహపు మెట్టు నుంచి, పై ఫ్రెట్‌కి జారేటప్పుడు అరచేయి పట్టేస్తుంది. వీఓఎస్ దాంట్లో అది కొంచెం ఉంది. రెండోదాని నెక్ ఎవరో రోజూ తుడిచిన పాత తలుపు చెక్కలా నున్నగా ఉంది. ఫ్రెట్‌బోర్డ్ అంచులు గుండ్రంగా, వేలికి గుచ్చుకోకుండా. మా పిన్ని వీణ గుర్తొచ్చింది. బొబ్బిలిలో చేసిన పనస చెక్క వీణ, దాని దండి కూడా అలాగే ఉంటుంది, నలభై ఏళ్ల తర్వాత. మూడోదాని నెక్ ఇంకా నున్నగా ఉంది, పూతే లేదు కాబట్టి. కానీ అది ఎవరి అరచేతి కొలతకో అరిగినట్టు ఉంది. ఆ అరుగుదల మొదలయ్యే చోటు, ఆగే చోటు నా చేయి ఆనే చోట్లు కావు.

ఇంకోటి కూడా చూశాను. మూడోదాని మీద అరుగుదలలు పొందిక లేకుండా ఉన్నాయి. అంత బకిల్ మచ్చ పడేంత వాయించి ఉంటే మొదటి అయిదు ఫ్రెట్లు గాడి పడి ఉండాలి, తీగలు బిగించే ట్యూనర్ల బుడిపెలు వదులవ్వాలి. అవి కొత్తగానే ఉన్నాయి, ఉండాలి కూడా, ఎందుకంటే గాడి పడిన ఫ్రెట్లతో కొత్త గిటార్ ఎవరూ కొనరు. మనిషి బతుకుని అద్దెకి తెచ్చి అతికిస్తే అతుకు ఎక్కడో ఒకచోట తెలిసిపోతుంది. కాలం మార్పులకి ఈ ఇబ్బంది లేదు. మంచం కింద ఉన్న గిటార్‌కి పగుళ్లూ ఉంటాయి, కొత్త ఫ్రెట్లూ ఉంటాయి.

మామూలు ఫినిష్ ఎవరు కొనాలి అంటే, నాకు తెలిసినంతలో ఇద్దరు. గీత పడితే పట్టించుకోకుండా వాయించుకుపోయే గుండె ఉన్నవాళ్లు, వాళ్లకి ఈ గోలంతా అనవసరం, ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. పాతికేళ్ల లోపు వాళ్లు, వాళ్లకి ముందు చాలా ఏళ్లున్నాయి. విశాఖలోనో కాకినాడలోనో ఆర్కెస్ట్రాల్లో, ఆరుబయట పందిళ్లలో వాయించే తమ్ముళ్లకి అయితే అసలు నైట్రోనే వద్దంటాను. ఆ ఉక్కకి, ఆ చెమటకి నైట్రో జిగురు తేలుతుంది. పాలీ పూత ఉన్న గిటార్ కొనుక్కుని, మిగిలిన డబ్బు మంచి పికప్‌ల మీద, ఏటా ఒకసారి ఫ్రెట్లు సరిచేయించడం మీద పెట్టడం మేలు.

నేను రెండోది తీసుకున్నాను. బిల్లు కడుతున్నప్పుడు కూడా మా ఫ్రెండ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మరుసటి శుక్రవారం దాన్ని ప్రాక్టీసుకి తీసుకెళ్లాను. వాచీ తియ్యలేదు, బెల్టు తియ్యలేదు. మూడో పాటలో మైక్ స్టాండ్‌కి ట్యూనర్ల వైపు టక్కుమని తగిలింది. పాట ఆపలేదు. ఇంటికొచ్చాక చూస్తే ఆ నొక్కు ఏదో, ఫ్యాక్టరీ వేసిన నొక్కు ఏదో కాసేపు పోల్చుకోలేకపోయాను, తర్వాత పోల్చుకున్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఇప్పుడు అది కేసులో ఉండదు. హాల్లో సోఫా పక్కన స్టాండ్ మీద ఉంటుంది. అన్నం తిన్నాక పది నిమిషాలు, మీటింగ్‌కి మీటింగ్‌కి మధ్య పది నిమిషాలు చేతిలోకి వస్తుంది. 2018లో కొన్న ఆ గిటార్‌ని రెండేళ్లలో వాయించినంత కన్నా, దీన్ని ఆరు నెలల్లోనే ఎక్కువ వాయించాను. పిల్లలు కూడా వచ్చి మీటి పోతుంటారు, వాళ్లని వద్దనను.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. నైట్రోకి రబ్బరు పడదు. చాలా స్టాండ్ల మీద ఉండే రబ్బరు గొట్టాల్లోని రసాయనం పూతలోకి దిగి, ఆనిన చోట పూత కరిగి మచ్చ పడుతుంది. అది కాలం చేసేదీ కాదు, నేను వాయిస్తే పడేదీ కాదు. అందుకని పోయిన వేసవిలో అమ్మ వచ్చినప్పుడు వదిలి వెళ్లిన పాత నూలు చీరలోంచి రెండు పీలికలు చింపి, స్టాండ్ చేతులకి చుట్టి దారంతో కట్టాను. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఆ చీర అంచు గుర్తుపట్టింది. “గిటార్‌కి కవరు కుట్టి పంపనా?” అని అడిగింది. వద్దమ్మా, ఆ రెండు ముక్కలు చాలు అన్నాను.